శాలిబండలో ఓడి, హుజూర్‌నగర్‌లో గెలిచిన మఖ్దూం

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన ఇళ్లలో ఒక ప్రశ్న తప్పకుండా వినవస్తుంది. గెలిచేది పెద్ద పార్టీయేనని తెలిసినప్పుడు చిన్న పార్టీ మనిషికి ఓటు వేసి ఏం లాభమని పెద్దలు అడుగుతారు. మా అమరచింతలో మగ్గాల దగ్గర, మసీదు ముందరి అరుగుల మీద ఈ చర్చ నేను ఎన్నోసార్లు విన్నాను. అది విన్నప్పుడల్లా నాకు 1952 నాటి ఒక అభ్యర్థి గుర్తుకు వస్తారు. ఆయన పేరు తెలియని ఉర్దూ ఇల్లు తెలంగాణలో ఉండదు. కాని ఆయన ఎన్నికల్లో నిలబడ్డారన్న సంగతి, సొంత నగరంలో ఓడిపోయారన్న సంగతి ఈ తరం వారిలో చాలామందికి తెలియదు. ఆయనే షాయర్ మఖ్దూం మొహియుద్దీన్.

మఖ్దూం సాహెబ్ 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా అందోలులో ఒక మతనిష్ఠ గల కుటుంబంలో జన్మించారు. పూర్తి పేరు అబూ సయీద్ మొహమ్మద్ మఖ్దూం మొహియుద్దీన్ ఖుద్రీ. తండ్రి గౌస్ మొహియుద్దీన్ నిజాం సర్కారులో చిన్న ఉద్యోగి. మఖ్దూం పసితనంలోనే ఆయన కన్నుమూశారు. తల్లికి మరో వివాహం జరిగింది. యతీముగా మిగిలిన ఆ పిల్లవాడిని చచా బషీరుద్దీన్ తన ఇంట పెంచారు.

ఆ ఇంట్లో తర్బియత్ గట్టిది. నమాజుకు వేళ తప్పడానికి వీలు లేదు. మసీదు ఊడ్చడం, నీళ్లు తోడి వుజూ కోసం నింపి పెట్టడం ఆ పిల్లవాడి పని. మద్రసాలో చదువుకున్న మాబోటి వాళ్లకు ఈ పని కొత్త కాదు. తెల్లవారుజామున చలిలో చేద తాడు పట్టుకుంటే అరచేయి ఎలా మండుతుందో చేసిన వాడికే తెలుస్తుంది. తరువాతి కాలంలో ఎర్రజెండా పట్టిన చేయి అలా మసీదు బావి తాడు లాగిన చేయే.

బషీరుద్దీన్ సాహెబ్ కేవలం ఇంటిపట్టున ఉండే మనిషి కాదు. ఖిలాఫత్ ఉద్యమ కాలపు గాలి ఆ ఇంటికి కూడా తగిలింది. దేశంలో ఏం జరుగుతున్నదో, పై దేశాలలో ఏం జరుగుతున్నదో ఆయన పిల్లలకు చెప్పేవారు. రష్యాలో రాజు పోయాడని, అక్కడ ధనికుడు, పేద అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటున్నారని ఆయన చెప్పగా మఖ్దూం విన్నారట. అన్నం విషయంలో పరాయి ఇంట పెరిగే పిల్లవాడి మనసు ఎంత సున్నితంగా ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. ఒకే దస్తర్‌ఖాన్ అన్న ఆ ఒక్క సంగతి ఆయనలో నాటుకుపోయింది. ఇది విన్నప్పుడు నాకు మొదట తోచే ఆలోచన వేరు. ధనికుడు, పేద ఒకే పళ్లెంలో తినడం నేర్పింది మన దీనే కదా! మరి ఆ పిల్లవాడు దానిని తన చుట్టూ చూడలేక ఎక్కడో మంచు దేశంలో వెతుక్కున్నాడంటే, తప్పు పిల్లవాడిది మాత్రమేనా? జాగీర్దారు ఇంటి దస్తర్‌ఖాన్ మీద ఏ కూలివాడు కూర్చున్నాడు ఆ రోజుల్లో?

పై చదువుల కోసం హైదరాబాద్ చేరిన తరువాత ఆయన పడిన కష్టాలు ఇన్నీ అన్నీ కావు. ఉండడానికి గది లేక మసీదులో పడుకున్నారు. బొమ్మలు అమ్మారు, పిల్లలకు పాఠాలు చెప్పారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరి బి.ఏ., ఆపైన ఉర్దూలో ఎం.ఏ. పూర్తి చేశారు. అక్కడ ఆయనను మొదట అందరూ ఎరిగింది నవ్వించే మనిషిగానే. పసుపు దుప్పటి మీద ఆయన రాసిన హాస్య గేయం విద్యార్థుల నోళ్లలో నానింది. బెర్నార్డ్ షా నాటకాన్ని ఉర్దూలోకి మలచి ఆడించారు. టాగూరు కవిత్వం మీద పుస్తకం రాశారు. 1939లో సిటీ కాలేజీలో ఉర్దూ అధ్యాపకుడిగా ఉద్యోగం దొరికింది.

సర్కారీ నౌకరీ అంటే ఆ రోజుల్లో మన కుటుంబాలకు ఎంత గొప్పో చెప్పనవసరం లేదు. మసీదులో పడుకున్న మనిషి దానిని రెండేళ్లకే వదులుకున్నారు. 1941లో రాజీనామా ఇచ్చి పూర్తిగా కమ్యూనిస్టు పార్టీ పనిలోకి, కార్మిక సంఘాల పనిలోకి దిగిపోయారు. రైల్వే కార్మికులు, నూలు మిల్లుల కార్మికులు, సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికులు ఆయన జమాఅత్ అయ్యారు. 1946లో హైదరాబాద్ రాజ్యంలోని కార్మిక సంఘాలన్నీ ఒక్క కప్పు కిందికి వచ్చినప్పుడు ఆయనే అధ్యక్షులు, డాక్టర్ రాజ్ బహదూర్ గౌడ్ కార్యదర్శి. ఒకరు ముస్లిం, ఒకరు హిందూ కాయస్థులు. ఇద్దరి ఉర్దూ మాత్రం ఒకటే. ఈ మధ్యలోనే 1944లో ఆయన మొదటి కవితా సంపుటి సుర్ఖ్ సవేరా వెలువడింది.

కూలివాని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించాలని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఈ హదీసు మీద మనం ఎన్నో ఖుత్బాలు విన్నాం. మఖ్దూం ఖుత్బా ఇవ్వలేదు, ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డారు. ఆయన ఎంచుకున్న సిద్ధాంతంలో అల్లాహ్‌కు స్థానం లేదు, దానిని నేను సమర్థించలేను. కాని ఆ గేటు ముందు మనలో ఎందరు నిలబడ్డారని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

1946లో సర్కారు నిర్బంధం పెరగడంతో ఆయన అజ్ఞాతంలోకి వెళ్లారు. తెలంగాణ రైతుల సాయుధ పోరాటం అప్పటికే రగులుకున్నది. అది హిందువులు ముస్లిం రాజుపై చేసిన పోరాటమని కొందరు, ముస్లిములపై చేసిన దాడి అని మరికొందరు చెబుతుంటారు. ఆ మాట అనేవారు విస్నూరు దేశ్‌ముఖ్‌తో తన భూమి కోసం కోర్టులో కొట్లాడి 1940లో హత్యకు గురైన షేక్ బందగీని మరచిపోతున్నారు. దేశ్‌ముఖ్ హిందువు, బందగీ ముస్లిం రైతు. రజాకార్లను తన పత్రిక ఇమ్రోజ్‌లో ఎదిరించినందుకు 1948 ఆగస్టులో ప్రాణం పోగొట్టుకున్న షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే. మఖ్దూం ఈ కోవకు చెందిన వారు. నిజాం సర్కారు ఆయన తలకు వెల కట్టింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తరువాత మన వారిపై, ముఖ్యంగా మరాఠ్వాడా, కర్ణాటక ప్రాంతపు జిల్లాలలో, జరిగిన ఘోరాలను పండిత్ సుందర్‌లాల్ సంఘం నమోదు చేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఫౌజు రద్దయింది, ఉద్యోగాలు పోయాయి, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీరు పోయినందుకు పేదవానికి దుఃఖం లేదు. కాని జాగీర్దారు ఇంటి వంటవాడు, గుర్రపువాడు, గుమాస్తా కూడా అదే రోజు వీధిన పడ్డారు. కమ్యూనిస్టులు ఆ తరువాత కూడా మూడేళ్లు తుపాకి దించలేదు. 1951 అక్టోబరులో గాని పోరాటం విరమించలేదు. మఖ్దూం 1951లో పట్టుబడి జైలుకు వెళ్లారు. జైలు గోడల మధ్య కూడా ఆయన కలం ఆగలేదు. ఎన్నికల వేళకు బయటకు వచ్చారు.

ఇక ఎన్నికల సంగతి. వయోజనులందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలవి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున ఆ పార్టీ వారు, వారి మిత్రులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ అన్న పేరుతో పోటీ చేశారు. మన పాలమూరులో కాంగ్రెస్ మహామహులు నిలబడ్డారు. షాద్‌నగర్ నుంచి బూర్గుల రామకృష్ణారావు, వనపర్తి నుంచి సురవరం ప్రతాపరెడ్డి గెలిచారు. బూర్గుల ముఖ్యమంత్రి అయ్యారు. నల్లగొండలో మాత్రం ఫ్రంట్ ప్రభంజనం వీచింది. అక్కడ లోక్‌సభకు నిలబడిన రావి నారాయణరెడ్డికి నెహ్రూగారి కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. 175 స్థానాల శాసనసభలో ఫ్రంట్ 42 స్థానాలు గెలుచుకున్నది.

మఖ్దూం సాహెబ్ నిలబడింది పాతనగరంలోని శాలిబండ నుంచి. చార్మినార్ నుంచి నడచి వెళ్లే దూరం. ఆయన ముషాయిరాలకు విరగబడి వచ్చే జనం అక్కడి వారే. ఆయన ఏ భాషలో రాశారో అదే వారి భాష. అయినా ఆ స్థానం కాంగ్రెస్ అభ్యర్థిని మాసూమా బేగంకు దక్కింది. ఆమె సామాన్యురాలు కారు. విద్యావంతురాలు, ఆడపిల్లల సేవలో పేరు పొందిన వ్యక్తి, తరువాత ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి కూడా అయ్యారు. అందుచేత ఓటర్లు అయోగ్యులను ఎన్నుకున్నారని అనడానికి వీలు లేదు.

ఐనా ఎందుకు ఓడిపోయారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దీన్‌ను కాదన్న పార్టీ అన్న జంకు ఒక కారణమని నా అభిప్రాయం. అంతకన్నా పెద్ద కారణం భయం. నాలుగేళ్ల కిందటి గాయం ఇంకా పచ్చిగా ఉన్న ఇళ్లవి. అధికారంలో ఉన్న పార్టీ నీడన ఉంటే పిల్లలకు కీడు ఉండదని ఆ ఇళ్ల పెద్దలు భావించి ఉంటారు. నిజాంను ఎదిరించిన మనిషి వారికి తమ దర్బారును కూల్చిన వాడిగా కనిపించాడు, కొత్త సర్కారుకేమో తుపాకి పట్టిన వాడిగా కనిపించాడు. అటూ ఇటూ కాని చోట నిలబడ్డ మనిషికి షేర్లు విని వాహ్ వాహ్ అంటారు గాని ఓటు వేయరు. ఆ పెద్దలను నేను నిందించను. భయపడిన మనిషి ఓటు కూడా ఓటే.

అదే ఏడాది నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ స్థానానికి ఉపఎన్నిక వచ్చింది. ఫ్రంట్ మఖ్దూంను అక్కడ నిలబెట్టింది. అక్కడి ఓటర్లలో ఎక్కువ మంది తెలుగు మాట్లాడే హిందూ రైతులు, కూలీలు. సుర్ఖ్ సవేరా వారు చదివి ఉండరు. పోలీసు చర్య జరిగి నాలుగేళ్లే అయింది. ముస్లిం పేరు వింటే రజాకారు గుర్తుకు వచ్చే రోజులవి. అటువంటి చోట, అటువంటి కాలంలో వారు మఖ్దూం మొహియుద్దీన్‌ను గెలిపించి శాసనసభకు పంపారు. నాకు తెలిసినంతలో మన ప్రాంత ఎన్నికల చరిత్రలో ఇంత ఆశ్చర్యకరమైన తీర్పులు ఎక్కువ లేవు. బడి పుస్తకాలలో మాత్రం దీనికి ఒక్క వాక్యం చోటు కూడా దొరకదు.

తరువాత కొంతకాలం వియన్నాలోని ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్యలో పనిచేశారు. ఎన్నో దేశాలు తిరిగారు. ఆపైన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులుగా జీవితాంతం కొనసాగారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆయన పార్టీ ఎన్నడూ గద్దె ఎక్కలేదు, ఆయన ఎన్నడూ మంత్రి కాలేదు. పదిహేడేళ్ల మౌనం వంటి కాలం తరువాత 1961లో గుల్-ఎ-తర్ వచ్చింది. మొదటి పుస్తకంలోని నినాదాల వేడి తగ్గి, ఇందులో గొంతు మెత్తబడిందని ఉర్దూ పండితులు చెబుతారు. నాకైతే ఈ రెండవ మఖ్దూమే ఇష్టం. ఆఫ్రికాలో లుముంబాను చంపినప్పుడు, అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపినప్పుడు ఆయన హైదరాబాదులో కూర్చుని కన్నీరు కార్చి రాశారు. ప్రేమికుల మీద, చమేలీ పందిరి మీద రాసిన గేయం 1964లో చాచాచా సినిమాలోకి ఎక్కింది. పూలరాత్రి గజల్ ఆయన మరణించిన పదమూడేళ్లకు, 1982లో, బాజార్ సినిమా ద్వారా దేశమంతా మారుమోగింది. మన షాదీఖానాలలో మైకులో ఆ పాట వస్తుంటే బిర్యానీ వడ్డించే కుర్రాళ్లు కూడా గొంతు కలుపుతారు. అది అందోలు యతీము రాసినదని వారికి ఎవరూ చెప్పలేదు.

1966లో సమగ్ర సంపుటి బిసాత్-ఎ-రఖ్స్ వెలువడింది. దానికి 1969 సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అదే ఏడాది ఆగస్టు 25న, ఢిల్లీలో ఉండగా గుండెపోటుతో మఖ్దూం సాహెబ్ మరణించారు. వయసు 61 ఏళ్లు.

హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లోని కమ్యూనిస్టు పార్టీ కార్యాలయానికి ఆయన పేరే పెట్టారు. హుస్సేన్‌సాగర్ కట్ట మీది మహనీయుల విగ్రహాలలో ఆయనది కూడా ఉన్నది. కాని ఆయన ఖబర్ మాత్రం నాంపల్లిలో, హజ్రత్ షా ఖామోష్ (రహ్మతుల్లాహి అలైహి) దర్గా ఖబ్రస్తాన్‌లో ఉన్నది. హైదరాబాద్ వెళ్లినప్పుడు నేను ఆ దారిన పోతే ఆగి ఫాతిహా చదువుతాను. ఎర్రజెండా మనిషికి ఫాతిహా ఏమిటని ఒక మిత్రుడు నన్ను ఆక్షేపించాడు. మసీదు బావిలో నీళ్లు తోడిన పిల్లవాడికి చదివానని అతనికి చెప్పాను.