దేశాన్ని జమాఖర్చులడిగిన కాపరి

ఒక కుటుంబం దేన్ని ప్రేమిస్తోందో తెలియాలంటే ఆ ఇంటి గోడల మీది వాక్యాలు చదివితే చాలదు, ఆ ఇంటి ఖర్చుల పుస్తకం చూడాలి. ధనానికీ హృదయానికీ ఉన్న ముడిని యేసుప్రభువు కొండమీది ప్రసంగంలోనే బయటపెట్టాడు. కుటుంబానికి వర్తించే ఆ సత్యం దేశానికి వర్తించదా? వర్తిస్తుందని నమ్మి, తన దేశపు పద్దును దేవుని వాక్యపు వెలుగులో చదివి, అందుకు పెద్ద మూల్యమే చెల్లించిన సంఘకాపరి మార్టిన్‌ లూథర్‌ కింగ్‌ జూనియర్‌. నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన నాయకుడిగా ఆయన మనందరికీ తెలుసు. ఆయన ఆఖరి ఏడాది కథ మాత్రం మన సంఘాల్లో అరుదుగా వినిపిస్తుంది.

కింగ్‌ 1929 జనవరి 15న అమెరికాలోని జార్జియా రాష్ట్రం అట్లాంటాలో పుట్టాడు. తల్లి తరఫు తాత, ఆ తర్వాత తండ్రి అక్కడి ఎబినేజర్‌ బాప్టిస్టు చర్చి కాపరులు. ఆయనకు మొదట పెట్టిన పేరు మైకేల్‌. 1934లో జర్మనీ వెళ్లివచ్చిన తండ్రి, సంస్కర్త మార్టిన్‌ లూథర్‌ పేరును తనకూ, కొడుక్కీ పెట్టుకున్నాడు. ఆ కొడుకు వేదాంతవిద్య ముగించి 1954లో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో ఒక చిన్న సంఘానికి కాపరి అయ్యాడు. మరుసటేడే బోస్టన్‌ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్‌ అందుకున్నాడు. తెల్లవారికి సీటు ఇవ్వనన్నందుకు 1955 డిసెంబర్‌ 1న రోజా పార్క్స్‌ అనే సోదరిని అరెస్టు చేయడంతో ఆ ఊళ్లో బస్సుల బహిష్కరణ మొదలైంది. 26 ఏళ్ల ఈ కాపరే దానికి నాయకుడయ్యాడు. 381 రోజులు నల్లజాతివారు కాలినడకన పనులకెళ్లారు, గెలిచారు.

అయితే ఆ గెలుపు ఆయన ధైర్యంతో మొదలవలేదు. 1956 జనవరిలో ఒక అర్ధరాత్రి, చంపుతామన్న ఫోన్‌ బెదిరింపు తర్వాత, ఆయన వంటగదిలో కాఫీ కప్పు ముందు కూర్చుని తన బలం అయిపోయిందని దేవుని ముందు ఒప్పుకున్నాడు. తండ్రి నమ్మిన దేవుడు తన సొంత దేవుడైంది ఆ రాత్రేనని తర్వాత ఎన్నోసార్లు సాక్ష్యమిచ్చాడు. కొద్దిరోజులకే, జనవరి 30న, ఆయన ఇంటిమీద బాంబు పడింది. ఇంట్లో ఉన్న భార్య కొరెట్టా, పసిబిడ్డ క్షేమంగా బయటపడ్డారు. ఆగ్రహంతో వచ్చిన జనాన్ని ఆయన తన వరండాలో నిలబడి శాంతపరచి పంపేశాడు.

1959 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆయన దాదాపు నెలరోజులు మన దేశంలో తిరిగాడు. గాంధీజీ నడిచిన నేలను చూడాలని వచ్చినవాడికి, పేవ్‌మెంట్ల మీద నిద్రపోయే లక్షలాది మంది కూడా కనిపించారు. అప్పట్లో అమెరికా మిగులు ధాన్యాన్ని నిల్వ చేయడానికే రోజుకు పది లక్షల డాలర్లకు పైగా ఖర్చు చేస్తోందని ఆయన చెప్పేవాడు. ఆ గింజలు ఈ ఖాళీ కడుపులకు చేరితే గోదాముల ఖర్చే ఉండదు కదా అన్న ఆలోచన ఆయన్ని ఆఖరిదాకా వదల్లేదు. జమాఖర్చుల పుస్తకాన్ని పేదవాడి వైపు నుంచి చదవడం అప్పటికే ఆయనకు అలవాటైంది.

ఆ తర్వాత ఐదారేళ్లు ఆయన పేరు లోకమంతా మారుమోగింది. 1963లో బర్మింగ్‌హామ్‌ జైలు, అదే ఏడాది ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండున్నర లక్షలమంది ప్రదర్శన, 1964లో పౌరహక్కుల చట్టం, 35 ఏళ్లకే నోబెల్‌ శాంతి బహుమతి, 1965లో ఓటుహక్కు చట్టం. బహుమతి సొమ్ము దాదాపు 54 వేల డాలర్లు ఉద్యమానికే ఇచ్చేశాడు. అక్కడితో ఆగి ఉంటే ఆయన అందరికీ ఇష్టుడిగానే మిగిలేవాడు!

కానీ అప్పటికి దేశంలో రెండు యుద్ధాలు నడుస్తున్నాయి. అధ్యక్షుడు లిండన్‌ జాన్సన్‌ 1964 జనవరిలో పేదరికం మీద యుద్ధం ప్రకటించాడు. పేదపిల్లల చదువుకు, నిరుద్యోగ యువతకు పని నేర్పేందుకు పథకాలొచ్చాయి. కింగ్‌ ఎంతో సంతోషించాడు. రెండో యుద్ధం వియత్నాంలో. 1965 చివరికి అక్కడ లక్షా 84 వేలమంది అమెరికన్‌ సైనికులుంటే, 1967 చివరికి ఆ సంఖ్య 4 లక్షల 85 వేలకు చేరింది. ఈ యుద్ధం పెరిగేకొద్దీ ఆ యుద్ధానికి డబ్బు కరువైంది. 1966లో షికాగో మురికివాడలో కుటుంబంతో సహా కాపురముండి చూసిన కింగ్‌కు, ఆ కోత ఎవరి కంచంలో పడుతోందో బాగా తెలుసు.

1967 ఫిబ్రవరి 25న లాస్‌ ఏంజెలెస్‌లో ఆయన ఒక లెక్క చెప్పాడు. వియత్నాంలో ఒక్క శత్రువును చంపడానికి దేశం 3 లక్షల 22 వేల డాలర్లు వెచ్చిస్తోంది. సొంతగడ్డమీద ఒక్క పేదవాడికి పెడుతున్నది మాత్రం 53 డాలర్లు! సరిగ్గా ఏప్రిల్‌ 4న న్యూయార్క్‌లోని రివర్‌సైడ్‌ చర్చి పులిపీఠం నుంచి, దాదాపు మూడువేల మంది ముందు, ఆయన ఆ మాటను పూర్తిగా విప్పాడు. పేదల ఆశలను యుద్ధం మింగేస్తోందన్నాడు. ఇంట్లో సమానత్వం దక్కని పేదపిల్లలే సముద్రాల అవతలికెళ్లి ప్రాణాలిస్తున్నారన్నాడు. ఏటేటా జనసంక్షేమం కన్నా ఆయుధాలకే ఎక్కువ పోసే జాతి ఆత్మలో చచ్చిపోతుందని హెచ్చరించాడు.

మర్నాటినుంచే రాళ్లు పడ్డాయి. న్యూయార్క్‌ టైమ్స్‌, వాషింగ్టన్‌ పోస్ట్‌ వంటి పత్రికలు సంపాదకీయాల్లో తప్పుపట్టాయి. అధ్యక్షుడితో స్నేహం తెగిపోయింది. పౌరహక్కుల ఉద్యమాన్ని, శాంతి ఉద్యమాన్ని కలపడం పొరపాటని ఆయనతో నడిచిన పెద్ద సంస్థే తీర్మానం చేసింది. విరాళాలు తగ్గాయి. పరాయివాళ్ల విమర్శ కన్నా సొంతవాళ్ల మౌనం ఎక్కువ నొప్పిస్తుంది. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. తన పిలుపు ఓట్లడిగే నాయకుడిది కాదు, వాక్యం చెప్పే కాపరిది అనుకున్నాడు.

1967 డిసెంబర్‌ 4న ఆయన పేదప్రజల ఉద్యమాన్ని ప్రకటించాడు. నల్లవారు, తెల్లవారు, ఆదివాసులు, స్పానిష్‌ మాట్లాడే కూలీలు... పేదలంతా కలిసి రాజధానికి వెళ్లి పని, కనీస ఆదాయం, ఇళ్లు అడగాలి. పేదరికంపై ఏటా 3 వేల కోట్ల డాలర్లు ఖర్చు చేయమనాలి. ఆ సన్నాహాల మధ్యలోనే మెంఫిస్‌ నుంచి కబురొచ్చింది. 1968 ఫిబ్రవరి 1న అక్కడ చెత్తలారీ యంత్రంలో నలిగి ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చనిపోగా, 1300 మంది సమ్మెకు దిగారు. పని చాలా ఉందని సహచరులు వారించినా కింగ్‌ వెళ్లాడు. ఏప్రిల్‌ 4 సాయంత్రం లోరేన్‌ మోటెల్‌ బాల్కనీలో తూటా ఆయన్ని బలిగొంది. రివర్‌సైడ్‌ ప్రసంగానికి ఆరోజుకు సరిగ్గా ఏడాది. ఆయనకు 39 ఏళ్లు. అంతిమయాత్రలో ఆయన శవపేటికను మోసింది కంచరగాడిదలు లాగిన పల్లెటూరి బండి.

ఆయన పోయాక పుస్తకంలో లెక్క మారిందా? 1968 జూన్‌లో యుద్ధకాలపు పన్ను పెంపుతో పాటే ప్రభుత్వ ఖర్చులో 600 కోట్ల డాలర్ల కోతకు చట్టం చేశారు. ఆ తర్వాత మరో ఖాతా ఉబ్బింది. 1970లో అమెరికా రాష్ట్ర, కేంద్ర కారాగారాల్లో ఖైదీలు 2 లక్షలలోపే. 2009 నాటికి 16 లక్షలు. 1979-80, 2012-13 మధ్య అక్కడి రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు పాఠశాలలపై పెట్టే ఖర్చు రెట్టింపైతే, జైళ్ల ఖర్చు నాలుగు రెట్లు దాటింది. ఇక సైన్యాల మాటకొస్తే, 2024లో లోకమంతా కలిపి 2.7 లక్షల కోట్ల డాలర్లు పోసింది. అందులో దాదాపు లక్ష కోట్లు ఒక్క అమెరికావే.

దేశానికి కాపలా వద్దని బైబిలు చెప్పదు. నెహెమ్యా ఒకచేత ఆయుధం పట్టించి యెరూషలేము గోడ కట్టించాడు. కానీ ఆ గోడ నీడలోనే పేదలు పొలాలు, పిల్లలను తాకట్టు పెట్టి ఏడుస్తున్నారని విన్నప్పుడు, మహాసభ పిలిచి ప్రధానులను నిలదీశాడు. అధికారిగా తనకు రావలసిన భత్యం కూడా తీసుకోలేదు. గోడ లోపల ఆకలి ఉంటే గోడ కట్టి ఎవరిని కాపాడుతున్నట్టు?

చనిపోవడానికి రెండు నెలల ముందు, ఎబినేజర్‌ చర్చిలో, కింగ్‌ తన భూస్థాపన గురించి మాట్లాడాడు. బహుమతులు, బిరుదులు చదవవద్దని, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టాలని, చెరలో ఉన్నవారిని చూడాలని, యుద్ధం విషయంలో న్యాయం వైపు నిలవాలని ప్రయత్నించాడని మాత్రం చెప్పమని కోరాడు. మత్తయి 25వ అధ్యాయంలో సింహాసనం మీది రాజు చూసే లెక్కలు కూడా అవే. దేశపు పద్దు రాసే కలం మన చేతిలో ఉండకపోవచ్చు. మన సంఘపు పద్దు మన చేతిలోనే ఉంది. ఈ ఏడాది ప్రహరీగోడకు, ముఖద్వారానికి, మైకు సెట్లకు ఎంత రాశాం, విధవరాండ్రకు, ఫీజు కట్టలేని పిల్లలకు, జైలుపాలైనవారి కుటుంబాలకు ఎంత రాశాం? వచ్చే సంఘ కమిటీ సమావేశంలో ఆ పేజీ తెరిచి, ప్రార్థనాపూర్వకంగా చదువుదాం. అక్కడ సరిదిద్దుకున్నాకే మనం ఓటు వేసి గెలిపించినవారిని లెక్కలడిగే ధైర్యం మనకొస్తుంది.