వందేమాతరం బ్యాడ్జి – గాడిచర్ల హరిసర్వోత్తమరావు

ప్రతి ఏటా మన క్రీడోత్సవం నాడు ఆటగాళ్ళంతా జెర్సీలు వేసుకుని వరుసల్లో నిలబడతారు. మార్చ్ పాస్ట్ అవుతుంది, జెండా ఎగురుతుంది, గీతం పాడతాం. ఆ వరుసలో ఉన్న కుర్రవాడికి తనదంటూ ఒక నోరు ఉందా? ఒక గుర్తు ధరించాలనిపిస్తే ధరించవచ్చునా? పాడలేని కారణం మనసులో ఉంటే మౌనంగా నిలబడవచ్చునా? ఈ ప్రశ్న ఎవరైనా వేస్తే, క్రమశిక్షణ లేనివాడు అని ఒక్క మాటతో తేల్చేస్తాం. అలా తేల్చేసే ముందు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి జీవితం ఒకసారి తెలుసుకోవడం మంచిది.

ఆయన 1883 సెప్టెంబరు 14న కర్నూలులో పుట్టారు. పేద కుటుంబం. కష్టపడి చదివి మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఎం.ఏ. పూర్తిచేశారు. ఆ రోజుల్లో తెలుగువారిలో ఎం.ఏ. చదివినవాళ్ళు బహు కొద్దిమంది. ఉపాధ్యాయ శిక్షణ కోసం రాజమండ్రి ట్రైనింగు కళాశాలలో చేరారు. అది ముగిస్తే సర్కారు ఉద్యోగం చేతికి వచ్చినట్టే. ఇంటి కష్టాలు తీరినట్టే.

సరిగ్గా అప్పుడే, 1907 ఏప్రిల్ నెలలో, బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశానికి వచ్చారు. 1905లో బెంగాలును రెండు ముక్కలు చేసిన తర్వాత అక్కడ రేగిన వందేమాతరం ఉద్యమాన్ని ఆయన ఊరూరా వివరిస్తూ తిరిగారు. ఆయన వెంట ఉండి తీసుకువచ్చినవారు మన బందరువారే, ముట్నూరి కృష్ణారావు గారు. రాజమండ్రిలో పాల్ గారి ఇంగ్లీషు ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగులో చెప్పారు. విద్యార్థులు సభలకు వరదలా వెళ్ళారు.

మర్నాటి నుంచి ఆ వేడి కళాశాలలోకి వచ్చింది. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు రావడం మొదలెట్టారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దొరకు ఇది సహించలేదు. తీసేయమన్నారు. చాలామంది తియ్యలేదు. ఎందరో విద్యార్థుల మీద వేటు పడింది. వాళ్ళలో గాడిచర్ల ఒకరు. ఆయనను కళాశాల నుంచి పంపివేయడమే కాక, సర్కారు ఉద్యోగానికి పనికిరాకుండా చేశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడు.

ఆ బ్యాడ్జి బరువు ఎంత ఉంటుంది? ఓ చిన్న గుడ్డముక్కో, కాగితం ముక్కో. దానివల్ల పాఠం ఆగిపోదు, పక్కవాడి చదువు చెడిపోదు. అయినా దొరతనానికి భయం వేసింది. బడిలో రాజభక్తి చూపడం కూడా ఒక పాఠమే అనుకున్న రోజులవి. ఆ పాఠం అప్పజెప్పనన్న కుర్రవాడు పరీక్షల్లో ఎంత గట్టివాడైనా వాళ్ళ లెక్కలో తప్పినవాడే.

గాడిచర్ల క్షమాపణ చెప్పుకుని వెనక్కి వెళ్ళలేదు. 1908లో బెజవాడ నుంచి స్వరాజ్య అనే వారపత్రిక నడిపారు. ఆ ఏడాది తిరునల్వేలిలో జరిగిన పోలీసు కాల్పులను ఖండిస్తూ అందులో వ్యాసం వచ్చింది. రాజద్రోహమని కేసు పెట్టారు. మొదట వేసిన శిక్ష చాలదని పై కోర్టులో దాన్ని మూడేళ్ళకు పెంచారు. వేలూరు జైలులో ఆయన ఆ కఠిన శిక్ష అనుభవించారు. ఆంధ్రదేశంలో రాజకీయ ఖైదీలలో మొదటివారుగా ఆయన్ని చెప్పుకుంటారు.

జైలు నుంచి వచ్చాక ఆయన పట్టుకున్న పని గమనించదగింది. మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావు గారితో కలిసి విజ్ఞానచంద్రికా మండలి పనిచేశారు. ఆ మండలి కోసం 1907లోనే అబ్రహాం లింకన్ చరిత్ర రాశారు. కొంతకాలం ఆంధ్రపత్రికకు సంపాదకులుగా ఉన్నారు. ఆ పైన జీవితమంతా గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ ధారపోశారు. పల్లెలో ఒక గది, నాలుగు పుస్తకాలు, సాయంత్రం పొలం నుంచి వచ్చిన రైతుకు వార్త చదివి చెప్పే ఒక మనిషి. ఇది ఉంటే చాలు జనం తమంతట తాము ఆలోచిస్తారని ఆయన నమ్మకం. విజయవాడ పటమటలో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ సంఘం వారి భవనానికి సర్వోత్తమ భవనం అని ఆయన పేరే పెట్టారు. 1960 ఫిబ్రవరి 29న ఆయన కన్నుమూశారు.

రాజమండ్రి సంఘటన ఆయన ఒక్కరితో ముగియలేదు. సర్కారు చదువు మీద విసుగు పుట్టి, మన బందరులో కోపల్లె హనుమంతరావు గారు మొదలైనవారు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పారు. 1938లో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇదే కథ మళ్ళీ జరిగింది. హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వందల లెక్కన వెళ్ళగొట్టారు. వాళ్ళలో చాలామంది నాగపూర్ వెళ్ళి చదువుకోవాల్సి వచ్చింది. తర్వాత దేశ ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారు కూడా ఆ వెళ్ళినవారిలో ఒకరు.

1950 జనవరి 24న జనగణమన జాతీయగీతమైంది. వందేమాతరానికీ దానితో సమాన గౌరవం ఇచ్చారు. నిన్నటిదాకా పలికితే శిక్షపడిన మాట బడిలో పాడే పాట అయింది. సంతోషించవలసిందే. అయితే చిక్కు అక్కడే మొదలైంది. పాడినవాణ్ణి శిక్షించడం పోయి, పాడనివాణ్ణి శిక్షించడం వచ్చింది.

1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. వాళ్ళు యెహోవా సాక్షుల మతస్థులు. జాతీయగీతం వేళ మర్యాదగా లేచి నిలబడేవారు కానీ, మత విశ్వాసం వల్ల పాడేవారు కాదు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1986 ఆగస్టు 11న తీర్పు వచ్చింది. రాసినవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదనీ, లేచి నిలబడితే గౌరవించినట్టేననీ, మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కు కూడా ఉందనీ కోర్టు తేల్చింది. పిల్లల్ని మళ్ళీ బడిలో చేర్చుకోమంది. అలాగని గీతం పాడుతున్న సభను చెడగొట్టే హక్కు ఎవరికీ లేదు. 1971 నాటి చట్టం ప్రకారం అది నేరం.

ఆటగాళ్ళ సంగతికొస్తే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో పతకాలు గెలిచిన టామీ స్మిత్, జాన్ కార్లోస్ ఇద్దరూ అమెరికాలో కాలేజీ విద్యార్థులే. తమ జాతీయగీతం మోగుతుండగా తలవంచి, నల్ల గ్లవ్ వేసిన పిడికిలి ఎత్తారు. నల్లవారి అవస్థ లోకానికి చూపడమే వారి ఉద్దేశం. ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. జట్టు నుంచి తీసేసి ఇంటికి పంపించారు. మరుసటి ఏడాది, 1969లో, అమెరికా సుప్రీంకోర్టు వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు కట్టుకుని బడికి వచ్చిన పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. చదువుకు అడ్డం రానంతవరకు అలాంటి గుర్తును బడి నిషేధించరాదన్నది. అరవై ఏళ్ళ ముందు రాజమండ్రిలో గాడిచర్లకు ఆ న్యాయం దొరకలేదు.

జెర్సీ వేసుకున్నవాడు కళాశాల పరువు మోస్తున్నాడు, వాడికి సొంత అభిప్రాయం ఉండరాదు అని కొందరు పెద్దలంటారు. ఆటలో కెప్టెన్ మాట వినాల్సిందే, వేళకు ప్రాక్టీసుకు రావాల్సిందే. ఆ మాట నిజం. చేనుకు గట్టు ఉండాలి, గట్టు లేకపోతే నీరు నిలవదు. కానీ గట్టే పెరిగి చేనంతా ఆక్రమిస్తే నాటు వేయడానికి చోటేదీ? గీతం వేళ మర్యాదగా నిలబడమనడం గట్టు. నీ మనసులో ఏముందో మేమే చెబుతాం అనడం చేనును మింగడం.

గాడిచర్ల వారిని మనం దేశభక్తుడని పూజిస్తాం. ఆ రోజు కళాశాల రికార్డులో మాత్రం ఆయన క్రమశిక్షణ తప్పిన విద్యార్థి. బలవంతం లేకుండా, నష్టం తెలిసి, ఇష్టపడి పెట్టుకున్నందువల్లే ఆ బ్యాడ్జికి అంత విలువ వచ్చింది. అందరిచేతా బలవంతాన పెట్టించి ఉంటే దాన్ని ఈనాడు ఎవరూ తలుచుకోరు. రేపు మన వరుసలో ఒక ఆటగాడు నిశ్శబ్దంగా నిలబడితే, వాడి పేరు రాసుకునే ముందు వాడి కారణం అడుగుదాం. ఆ కారణం మనకు నచ్చకపోయినా వాణ్ణి ఆటలోంచి మాత్రం తీసేయవద్దు.