భగవద్రామానుజులును వేంకటాద్రి వాదమును

దేవుడెట్టివాడను ప్రశ్నకు మన దేశీయులు మూడు త్రోవలలో సమాధానము వెదకుచు వచ్చిరి. శాస్త్రమేమి చెప్పుచున్నదని యడుగువారు కొందరు. భక్తుని హృదయమేమి చెప్పుచున్నదని యడుగువారు కొందరు. బుద్ధికేది సరిపడుచున్నదని యడుగువారు మరికొందరు. ఈ మూడింటిలో నొకదానినే పట్టుకొని తక్కిన రెంటిని విడిచినచో కలుగు నష్టమెట్టిదో తెలిసికొనుటకు మనము దూరదేశముల చరిత్రములు చదువ నక్కరలేదు. చిత్తూరు సీమకు తలమానికమైన వేంకటాద్రిమీద, సుమారు తొమ్మిదివందల యేండ్ల క్రిందట, ఈ ప్రశ్నయే గర్భగుడి తలుపుల యెదుట నిలిచెనని వైష్ణవ గ్రంథములు చెప్పుచున్నవి. ఆ వాదమునకు నాయకులైన శ్రీ రామానుజాచార్యుల జీవితమును సంగ్రహముగా నిచట చెప్పదలచితిమి. శిష్యులవలె స్తోత్రము చేయుటయు, ప్రతిపక్షులవలె దూషించుటయు మా యుద్దేశము గాదు. వారి జీవితమునుండి మనము నేర్చుకొనదగినదెద్దియో, విడువదగినదెద్దియో విచారించుటయే మా పని.

సంప్రదాయము ననుసరించి రామానుజులు క్రీ. శ. 1017వ సంవత్సరమున కాంచీపురమునకు సమీపమందలి శ్రీపెరుంబూదూరులో జన్మించి, 1137లో శ్రీరంగమున పరమపదించిరి. నూటయిరువది యేండ్ల యీ యాయువును నేటి చరిత్రకారులలో పలువురు సందేహింతురు గాని, వారు పండ్రెండవ శతాబ్దమున ప్రఖ్యాతులై యుండిరనుటలో వివాదము లేదు. తండ్రి ఆసూరి కేశవసోమయాజి, తల్లి కాంతిమతి. ఆమె వేంకటాద్రిమీద స్వామికి తీర్థకైంకర్యము చేయుచుండిన తిరుమలనంబికి తోబుట్టువు. కావున తిరుపతి రామానుజులకు మేనమామగారి యూరు.

బాల్యమున వారు కాంచీపురమున యాదవప్రకాశుల యొద్ద వేదాంతము చదివిరి. ఒకనాడు గురువునకు తైలమంటుచుండగా, ఛాందోగ్యోపనిషత్తులో పరమపురుషుని కన్నులను వర్ణించు నొక పదమునకు గురువు కోతి శరీరమందలి నీచభాగముతో పోలిక చెప్పి వ్యాఖ్యానించెనట. అది విని శిష్యుని కన్నులనుండి వేడి కన్నీరు జారి గురువు తొడపై బడెను. కారణమడుగగా, ఆ పదమునకే సూర్యకిరణములచే వికసించిన తామరయను నర్థము గలదని శిష్యుడు వ్యాకరణయుక్తితో చూపెను. గురుశిష్యులకు ఎడబాటు అక్కడ మొదలయ్యెను.

ఈ చిన్న కథలో గొప్ప సంగతి యొకటి యిమిడియున్నది. గ్రంథమొక్కటే, వాక్యమొక్కటే, అర్థములు రెండు. రెంటిలో నేది నిజమని నిర్ణయించిన దేది? వాక్యము తనంతట తాను నిర్ణయింపలేదు. దేవుని మహిమకు తగనిది శాస్త్రార్థము కాజాలదని యాక్షేపించిన బాలుని హృదయమును, వేరొక యర్థమును సాధించి చూపిన యాతని బుద్ధియు గలిసి దానిని నిర్ణయించినవి. శాస్త్రమునకు మేమెదురాడమని చెప్పువారు సైతము శాస్త్రమును చదువునప్పుడు తమ మనస్సాక్షిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనియే చదువుదురు. తెలిసి చేయువారు కొందరు, తెలియక చేయువారు పెక్కండ్రు.

కాంచిలో కంచిపూర్ణుడను బ్రాహ్మణేతర భక్తుడుండెను. రామానుజు లాతనిని గురువుగా నెంచి, ఆతడు భుజించిన విస్తరిలోని శేషము తినగోరి యింటికి బిలిచిరి. భార్యయైన తంజమాంబ యాతనికి వడ్డించి పంపి, విస్తరి పారవేసి, యిల్లు కడిగి స్నానము చేసెను. ఇట్టి భేదములు పెరిగి తుదకు రామానుజులు సన్న్యసించిరి. కులగర్వమును వారు సహింపకుండుటను మేము మెచ్చుచున్నాము. కాని భార్యకు బోధించి వెంట నడిపించుకొనుటకు మారుగా నామెను పుట్టింటికి పంపి కాషాయము దాల్చుటను మెచ్చజాలము. ఆచారమునందు పుట్టి, ఆచారమునే ధర్మమని నేర్చిన యామె పక్షమున గురుపరంపర వ్రాసినవారిలో మాటాడినవారు మాకు కనబడలేదు.

పిమ్మట వారు శ్రీరంగమునకు వచ్చి వైష్ణవులకు నాయకులైరి. తిరుక్కోట్టియూరునంబి యొద్ద మంత్రార్థముకొరకు పదునెనిమిది సారులు నడచి, తుదకు దానిని పొందిరి. ఎవరికిని చెప్పరాదనియు, చెప్పినచో నరకము కలుగుననియు గురువు శాసించెను. మరునాడే రామానుజులు గుడిమీదికెక్కి, కులము నడుగక వచ్చిన జనులకెల్ల దానిని చాటి చెప్పిరట. అనేకులు తరింప తానొకడు నరకమునకు బోయిన నేమను భావమే వారి సమాధానము. జ్ఞానమును పెట్టెలో బెట్టి బీగము వేయువారికి ఈ కథ నేటికిని చెంపపెట్టు.

ఇక తిరుపతి సంగతి. కొండయే దేవుని శరీరమని యెంచి దానిని పాదములతో త్రొక్క సంశయించి, రామానుజులు మోకాళ్ళతో నెక్కిరని భక్తులు చెప్పుకొందురు. మోకాళ్ళమెట్టను పేరును దానికి సాక్ష్యముగా చూపుదురు. మేనమామయైన తిరుమలనంబి కొండ దిగువకు వచ్చి, యొక సంవత్సరకాలము వారికి రామాయణార్థమును బోధించెను. కొండమీద పూలతోట పెంచి స్వామికి మాలలు సమర్పించుటకై రామానుజులు పంపిన శిష్యుడు అనంతాళ్వారు. ఆతడు పెంచిన తోటయు, త్రవ్విన చెరువును ఆతని పేరును నిలిపినవి. కొండ క్రింద గోవిందరాజుల గుడి వెలయుటకును, దాని చుట్టును తిరుపతి పట్టణము పెరుగుటకును రామానుజులే కారకులని సంప్రదాయము.

ఈ సీమ హరిహరుల కిరువురకును నెలవు. వేంకటాద్రి పాదమున కపిలతీర్థమున శివాలయమున్నది. స్వర్ణముఖీతీరమున శ్రీకాళహస్తి యున్నది. గుడిమల్లములో నతిప్రాచీనమైన శివలింగమున్నది. రామానుజుల పినతల్లి కుమారుడైన గోవిందుడు కాళహస్తిలో శివభక్తుడై పూజలు చేయుచుండెను. తిరుమలనంబి యచటికి బోయి, రాజును పిలువక, శపథములు చేయక, యొక చెట్టునీడను గూర్చుండి శిష్యులకు భగవద్గుణములను వర్ణించి చెప్పుచుండెను. చెట్టెక్కి పూలు కోయుచుండిన గోవిందుడు విని విని, పూలబుట్ట పారవైచి దిగివచ్చి పాదములపై బడెనట. శివభక్తిని విడుచుట యుత్తమమని మేము చెప్పుట లేదు. ఒకరి మనస్సు మారుటకు త్రోవ యెద్దియో యీ కథ చూపుచున్నదని మాత్రమే మా తాత్పర్యము.

వేంకటాద్రిమీది వాదము వేరొక రీతిగా నడచెను. నారాయణవనము రాజధానిగా నీ సీమ నేలుచుండిన యాదవరాజు నెదుట శైవులు వచ్చి, కొండమీది మూర్తి విష్ణువు గాడని వాదించిరని వేంకటాచలేతిహాసమాల చెప్పుచున్నది. విగ్రహమునకు జడలవలె నగపడు కేశములున్నవి, చేతులకు సర్పాభరణములున్నవి, శంఖచక్రములు లేవు, బిల్వపత్రములతో పూజ గలదు, కుమారస్వామి యీ కొండమీదనే తపస్సు చేసెనని పురాణము గలదు, కావున నీతడు శివుడో, కుమారుడో కావలెనని వారి పక్షము. రామానుజులు వచ్చి, ఈ కొండను విష్ణుక్షేత్రమని వర్ణించు పురాణములను చూపి, కుమారుడు తపస్సు చేసినది విష్ణువును గూర్చియే యని సమాధానము చెప్పిరి. ఒక పురాణమునకు మరియొక పురాణము బదులయ్యెను. ఎవరి గ్రంథము వారికి ప్రమాణము గనుక వాదము తెగలేదు.

అప్పుడు గర్భగుడిలో శూలడమరుకములను, శంఖచక్రములను మూర్తి యెదుట నుంచి, తలుపులు మూసి ముద్ర వేసిరనియు, మరునాటి యుదయమున తెరచిచూడగా మూర్తి శంఖచక్రములను ధరించి యుండెననియు ఇతిహాసమాల చెప్పుచున్నది. రాజు తలవంచెను, శైవులు తొలగిరి.

ఈ కథను నమ్మువారిని మేము గేలిచేయము. వేంకటముమీది దేవుని శంఖచక్రధారిగా ప్రాచీన తమిళకావ్యమైన శిలప్పదికారము వర్ణించియుండుటచే, విష్ణుపక్షమునకు లోకప్రసిద్ధి ముందునుండియే కలదని చరిత్రకారులు చెప్పుదురు. కాని యా రాత్రి జరిగినదంతయు నక్షరాలా నిజమేయని యొప్పుకొన్నను, దానిచే సిద్ధించిన దేమి? ఆ శిలామూర్తి యే యాయుధములు ధరింపవలెనో సిద్ధించినది. జగత్కర్త యెట్టివాడో, జీవునకాతనితో సంబంధమేమో, ఆతడు ప్రేమించునో ప్రేమింపడో, వీనిలో నొకటియు సిద్ధింపలేదు. అద్భుతము వాదిని నోరు మూయించును గాని యొప్పింపదు. గోవిందుడు చెట్టుదిగివచ్చినట్లు, ఆ యుదయమున శైవులలో నొక్కడైనను హృదయము మార్చుకొనెనని చెప్పువారు లేరు.

రామానుజులకు పూర్వమే పేయాళ్వారు వేంకటాద్రిమీద జడలును, కిరీటమును, పరశువును, చక్రమును ఒక్క మూర్తియందే చూచి పాడియుండెను. ఆ భక్తుని కంటికి భేదము కనబడలేదు. సభకు తేదగిన సాక్షులలో నాతనికంటె గొప్పవాడు మాకు తోచుట లేదు.

రాజు దేవుని స్వరూపమును నిర్ణయించుట యెంత యపాయకరమో కొంతకాలమునకు వైష్ణవులకే తెలియవచ్చెను. శివునికంటె పరమైనది లేదని వ్రాలు చేయవలసినదని చోళరాజొకడు రామానుజులకు కబురంపెను. గురువు కాషాయమును తాను ధరించి శిష్యుడైన కూరేశుడు వృద్ధుడైన మహాపూర్ణునితో సభకు బోయెను. వ్రాలు చేయనందున ఇరువురి కన్నులును పోయినవి. మహాపూర్ణుడు త్రోవలోనే మరణించెను. రామానుజులు మైసూరు దేశమునకు తరలి, మేలుకోటలో పండ్రెండేండ్లు గడపిరని చెప్పుదురు. నారాయణవనములో రాజు తీర్పు తమకనుకూలమైనప్పుడు రాజునకు ఆ యధికారము గలదని యొప్పుకొన్నవారు, చోళసభలో అది లేదని యెట్లు చెప్పగలరు? రెండు చోట్లను తప్పు ఒక్కటే. గెలిచినవారికది కనబడలేదు, ఓడినవారి కన్నులే దానికి మూల్యమైనవి.

మేలుకోటలో తమకు సాయపడిన యంత్యజులకు రామానుజులు తిరుక్కులత్తారని గౌరవనామ మిచ్చి, సంవత్సరమున కొన్ని దినములు ఆలయప్రవేశము కలిగించిరి. ఏండ్ల తరబడి మన సంస్కర్తలు పోరాడి సాధించిన దానికి బీజమచట కలదు. అయినను శ్రీభాష్యములో శూద్రులకు వేదపూర్వకమైన బ్రహ్మవిద్యయం దధికారము లేదని వారే సమర్థించిరి. గుడిమీద నిలిచి మంత్రమును చాటిన కంఠమును, సూత్రమున కర్థము వ్రాసిన గంటమును ఒకరివే. హృదయము ముందు నడచినది. గ్రంథప్రమాణము వెనుకకు లాగినది.

వారి సిద్ధాంతమును గూర్చి రెండు మాటలు. వారి వేదార్థసంగ్రహము వేంకటేశ్వరుని సన్నిధిని ఉపన్యసింపబడినదని ప్రతీతి. బ్రహ్మము నిర్గుణమనియు, జగత్తు మిథ్య యనియు చెప్పువారిని వారు ఖండించిరి. దేవుడొక్కడే, ఆతడు జ్ఞానము, శక్తి, దయ మొదలగు ననంతకల్యాణగుణములు గలవాడు, జీవులును జగత్తును నిజమైనవి, దేహమునకు ఆత్మ యెట్లో, వీని యన్నిటికిని దేవుడట్లు అంతర్యామి యని వారి బోధ. ప్రార్థింపదగినవాడును, ప్రేమింపదగినవాడునైన యేకేశ్వరుని యీ దేశమున యుక్తితో స్థాపించినవారిలో వారు మొదటి వరుసవారు. ఇందు బ్రాహ్మసమాజమువారు వారికి ఋణపడియున్నారు.

మేము వారితో నేకీభవింపని దొకటి కలదు. అనుమానప్రమాణముచే ఈశ్వరుడు సిద్ధింపడనియు, శాస్త్రమొక్కటియే యాతనిని తెలుపుననియు శ్రీభాష్యములో వారు వాదించిరి. జీవితమంతయు యుక్తితో వాదించినవారు యుక్తి యచటికి చేరదనిరి. మహర్షి దేవేంద్రనాథులును మొదట వేదములనే పరమప్రమాణముగా నెంచినవారే. నలుగురు విద్యార్థులను కాశికి పంపి వేదములను పరిశీలింపజేసి, విమర్శించి, 1850 ప్రాంతమున ఆ ప్రామాణ్యమును విడిచి, ఆత్మప్రత్యయముచే వెలుగు శుద్ధహృదయమే బ్రహ్మమునకు పీఠమని నిశ్చయించిరి. శాస్త్రమును పారవేయలేదు, అందు హృదయమునకును బుద్ధికిని నిలిచిన వాక్యములను ఏర్చి బ్రాహ్మధర్మమను గ్రంథముగా కూర్చిరి. కాంచిలో కన్నీరు విడిచిన బాలుడు చేసినదియు నిదియే యని మా యభిప్రాయము.

తుదకు కూరేశుని మాట చెప్పి ముగింతుము. చోళరాజునకు రామానుజులపై నుపాయము చెప్పినవాడు కూరేశుని శిష్యుడే యైన నాలూరానుడు. గురువు కోరికచే కూరేశుడు కాంచీపురమున వరదరాజస్వామి సన్నిధిని ప్రార్థించినప్పుడు, పోయిన చూపును కోరక, తనకు ద్రోహము చేసిన యా నాలూరానునికి మోక్షమిమ్మని కోరెనట. దేవుడు శంఖచక్రములు ధరించునా, శూలము ధరించునా యను ప్రశ్నకు మూసిన తలుపుల వెనుక సమాధానము వెదకిరి. దేవుడెట్టివాడను ప్రశ్నకు ఈ గ్రుడ్డివాని ప్రార్థనలో సమాధానము దొరకుచున్నది. శత్రువునకు మేలుకోరు దయ మానవునియందే యింత యుండగా, ఆ మానవుని సృజించినవానియందు అంతకు తక్కువ యుండునని బుద్ధి యొప్పదు, హృదయ మొప్పదు, తగిన రీతిని చదివినచో శాస్త్రమును ఒప్పదు.

తిరుపతికి బోవు మన సోదరులు కొండమెట్లెక్కునప్పుడు ఈ మహాత్ముని స్మరింతురు గాక. వారి గెలుపుకంటె వారి కన్నీటిని, వారి శిష్యుని క్షమను తలచికొని, ఏకమును, సత్యమును, దయాస్వరూపమునునైన పరబ్రహ్మమును ధ్యానింతురు గాక.