గుంటూరే ఇల్లనుకున్న డాక్టరమ్మ

పెళ్ళయిన కొత్తలో మావారి ఉద్యోగం కోసం భిలాయ్ వెళ్ళినప్పుడు ఆర్నెల్లపాటు నేను ఏడవని రోజు లేదు. కూరల బండివాడితో బేరమాడదామన్నా భాష రాదు. డిగ్రీ చదువుకుని ఊరికే ఇంట్లో కూర్చున్నానే అన్న దిగులు మరోపక్క. ఒకరోజు ఫోన్లో అమ్మ నన్ను ఓదార్చకుండా, తను పుట్టిన ఆసుపత్రి ఎవరు కట్టించారో తెలుసా అని అడిగింది. గుంటూరు వాళ్ళకి కుగ్లర్ ఆసుపత్రి పేరు కొత్త కాదు. కానీ అది ఒక ఆడమనిషి పేరని నాకు ఆ రోజే తెలిసింది. తర్వాత ఆవిడ గురించి దొరికినవన్నీ చదివాను.

ఆవిడ పూర్తి పేరు అన్నా సారా కుగ్లర్. 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఆర్డ్‌మోర్ అనే ఊళ్ళో పుట్టారు. ఆడపిల్ల డాక్టరీ చదువుతానంటే అక్కడా ముక్కున వేలేసుకునే కాలం అది. అయినా పట్టుబట్టి మహిళా వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టా తీసుకున్నారు. నారిస్‌టౌన్‌లో మానసిక రోగుల ఆసుపత్రిలో, ఆడవాళ్ళ విభాగంలో ఉద్యోగం కూడా దొరికింది.

అంతలో గుంటూరులో ఉన్న లూథరన్ మిషనరీ ఏడమ్ రో దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడ ఆడవాళ్ళకి లేడీ డాక్టరు ఎంత అవసరమో అందులో రాశాడాయన. ఘోషాలో ఉండే స్త్రీలు ప్రాణం పోతున్నా మగడాక్టరుకి చెయ్యి చూపించని రోజులు. పురుడు కష్టమైతే మంత్రసాని చేతులెత్తేసేది. ఇక దేవుడి మీద భారం వెయ్యడమే.

కుగ్లర్ వస్తానన్నారు. కానీ పంపించాల్సిన మహిళా మిషనరీ సంఘం, వైద్యం పనికి ఇంకా సమయం రాలేదంది. ముస్లిం ఇళ్ళలో ఘోషా స్త్రీలకి చదువు చెప్పే టీచరుగా అయితే పంపుతామంది. మనమైతే ఏం చేసేవాళ్ళం? నా చదువుకి విలువ లేదా అని అలిగి కూర్చునేవాళ్ళమేమో! ఆవిడ ఒప్పుకున్నారు. ఒప్పుకుని, సామానుతోపాటు మందులు కూడా సర్దుకున్నారు.

1883 ఆగస్టు 25న ఓడ ఎక్కితే గుంటూరు చేరేసరికి నవంబరు 29. అప్పటికి ఆవిడకి 27 ఏళ్ళు. కొత్త ఎండ, కొత్త తిండి, కొత్త భాష. ఇళ్ళకి వెళ్ళి అక్షరాలు నేర్పడం ఆవిడకి అప్పజెప్పిన పని. కానీ జబ్బు మనిషి ఎదురుగా ఉంటే డాక్టరు పలకా బలపం పట్టుకుని ఎలా కూర్చుంటుంది? పేరుకి టీచరమ్మే అయినా వైద్యమూ మొదలుపెట్టారు. ఆసుపత్రి లేదు, సాయం చేసే నర్సు లేదు. రోగుల ఇళ్ళకి వెళ్ళి కొందరిని, తను ఉండే చోటికి వచ్చిన కొందరిని చూసేవారు. ఇలా రెండేళ్ళు గడిచాక, 1885 డిసెంబరులో గానీ సంఘం ఆవిడని వైద్య మిషనరీగా నియమించలేదు.

సంఘం ఒప్పుకున్నంత మాత్రాన ఊరు ఒప్పుకుంటుందా? ఆచారం పాటించే హిందువుల ఇళ్ళలో ఈ తెల్లావిడ అంటరానిదే. మందు ఆవిడదే కావాలి, ఆవిడ ముట్టుకుంటే మాత్రం మైల! వేల మైళ్ళు దాటి వచ్చిన మనిషికి అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో అనిపించింది. వెంటనే ఇంకో సంగతీ తోచింది. ఆవిడకి వెనక్కి పోవడానికి ఒక దేశముంది. పుట్టిన ఊళ్ళోనే తరతరాలుగా ఆ మైల మాట పడినవాళ్ళు ఎక్కడికి పోతారు?

ఆవిడ వెనక్కి పోలేదు. 1889లో సెలవు మీద అమెరికా వెళ్ళినా, ఆసుపత్రి కోసం చందాలు పోగుచేసుకుని తిరిగొచ్చారు. 1893లో డిస్పెన్సరీ, 1898 జూన్ 23న ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఏలూరు రాజా భుజంగరావుగారు తన భార్యని వైద్యానికి ఇక్కడికే తీసుకొచ్చారు. ఆ కృతజ్ఞతతో, రోగుల వెంట వచ్చే బంధువుల కోసం ఆసుపత్రి ఎదురుగా సత్రం కట్టించారు. ఒకప్పుడు ఆవిడ తాకితే మైలన్న ఊళ్ళోనే ఇదంతా జరిగింది.

1905లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది, 1917లో మళ్ళీ గౌరవించింది. 1930 జూలై 26న ఆవిడ గుంటూరులోనే కన్నుమూశారు. దాదాపు 47 ఏళ్ళ గుంటూరు కాపురం! తర్వాత ఆ ఆసుపత్రికి ఆవిడ పేరే పెట్టారు.

ఆవిడ తన మతం గురించి చెప్పడానికి కూడా వచ్చారు, అందులో దాపరికమేమీ లేదు. దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. నాకు మాత్రం ఆ పతకాలకన్నా, అడిగిన పని దొరకని ఆ మొదటి రెండేళ్ళే ఎక్కువ గుర్తుంటాయి. భిలాయ్‌లో నేనేమీ ఆసుపత్రి కట్టలేదు లెండి. పక్కింటి పిల్లలకి సాయంత్రాలు లెక్కలు చెప్పాను. వాళ్ళమ్మ దగ్గర హిందీ నేర్చుకున్నాను. నా మొదటి కథ ఆ వంటింటి గట్టు మీదే రాశాను. ఆ ఊరు వదిలి వచ్చేటప్పుడు మళ్ళీ ఏడ్చాను. ఈసారి వదల్లేక!