డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు

కర్నూలు, కడప మండలములలో పుట్టి పెరిగినవారికి రాతినిగూర్చి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. ఇంటి నేలకు బేతంచెర్ల బండ, అరుగునకు కడప నాపరాయి, చేని గట్టునకు గుట్టలోని గుండ్లు. మన సీమలో వానకు కఱవు వచ్చినను రాతికి కఱవు రాలేదు. అయితే రాతిని ఎంత ఎత్తువఱకు పేర్పవచ్చును, ఆ యెత్తునకు దానిని ఎవరు చేర్పవలెను, ఏ సాధనముతో చేర్పవలెను అను ప్రశ్నలు తేలికైనవి కావు.

హైదరాబాదు నగరమున ఇప్పుడు నలువది అంతస్తుల మేడలు లేచుచున్నవి. వాని నెత్తిపై నిలిచిన క్రేనులను చూచివచ్చిన విద్యార్థులు, ఇంజనీరు ముందుగా మేడను గీసి పిమ్మట దానికి తగిన క్రేనును తెప్పించునని తలంచుచుందురు. నిజమట్లు కాదు. క్రేను ఒక్కమాఱు ఎంత బరువును, ఎంత దూరము చేయి చాపి ఎత్తగలదో తెలిసినగాని, స్తంభమును ఎన్ని తునకలుగా చేయవలెనో, గోడను పైననే పోయవలెనో, క్రిందనే సిద్ధపఱచి పైకెత్తవలెనో తేలదు. కట్టడపు రూపమును, దానిని ఎత్తెడి సాధనమును ఒక్క లెక్కలోనివే. తెలుగునాట ఈ లెక్కను మిక్కిలి పెద్దయెత్తున చేసి చూపినవారు డాక్టరు కె. ఎల్. రావుగారు. ఆయన జీవితమును ఈ సంచికలో సంగ్రహముగా వ్రాయుచున్నాము.

రావుగారు 1902వ సంవత్సరము జూలై 15వ తేదీన కృష్ణామండలములోని కంకిపాడున జన్మించిరి. అది కాలువనీటితో పండు నేల. మన మెట్టచేల రైతువలె మబ్బు వంక చూచి విత్తవలసిన అగత్యము ఆ యూరికి లేదు. ఆయనకు తొమ్మిదవ యేట తండ్రి గతించెను. బడిలో ఆడుకొనుచుండగా ఒక కంటిచూపు పోయెను. మిగిలిన ఒక్క కంటితోనే జీవితకాలమంతయు సన్నని గీతలతో నిండిన పటములను చదువుచు, దిద్దుచు గడపిరి. ఈ సంగతిని ఆయన కీర్తికి అలంకారముగా చెప్పువారు కలరు. మాకు మాత్రమది వట్టి కష్టముగనే తోచును.

మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పట్టములు పొంది, పిదప ఇంగ్లండునకు పోయి 1939లో బర్మింగుహాము విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందిరి. రంగూనులోను, ఇంగ్లండులోను ఉపాధ్యాయత్వము నెఱపిరి. కట్టడముల బలమును గూర్చియు, ఇనుము కూర్చిన కాంక్రీటును గూర్చియు ఒక గ్రంథము వ్రాసిరి. కాంక్రీటు నొక్కుడునకు ఓర్చును గాని లాగుడునకు ఓర్వదు. లాగుడు పడుచోట ఇనుపకడ్డీలు పెట్టినయెడల ఆ లోపము తీఱును. నేటి ఆకాశహర్మ్యములన్నియు ఈ సూత్రముమీదను, ఉక్కుచట్రముమీదను నిలిచినవే. ఇట్టి విద్యలో గ్రంథకర్తయైనవాడు తన జీవితములోని అతిపెద్ద కట్టడమునకు వచ్చునప్పటికి ఏ పదార్థమును ఎన్నుకొనెనో చదువరులు ముందుముందు చూతురు.

స్వదేశమునకు తిరిగివచ్చి మద్రాసు ప్రభుత్వమున రూపకల్పన ఇంజనీరుగా పనిచేసిరి. 1950లో ఢిల్లీ చేరి, కేంద్ర జలవిద్యుత్ సంఘమున రూపకల్పన శాఖను చేపట్టి, 1954లో ప్రధాన ఇంజనీరైరి.

అప్పటి కృష్ణానది తగవును మన సీమవారు మఱవలేదు. కర్నూలు మండలములోని సిద్ధేశ్వరమున ఆనకట్ట కట్టి కృష్ణను పెన్నకు మళ్ళింపవలెనని ఒక యోచన యుండెను. 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో నదీజలములందు రాయలసీమ అవసరమునకు ముందు చోటీయవలెనని పెద్దలు ఒప్పుకొనియుండిరి. కాని ఖోస్లాగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1952లో దిగువనున్న నందికొండ స్థలమును మెచ్చెను. అదియే తరువాత నాగార్జునసాగరమయ్యెను. దాని నీరు నల్లగొండకు, ఖమ్మమునకు, గుంటూరునకు, ప్రకాశమునకు పాఱినది. ఎగువనున్న కర్నూలునకుగాని కడపకుగాని రాలేదు, రానేరదు. ఆ పనిని మెచ్చుకొనుచునే ఈ మాట చెప్పుట మా ధర్మము.

1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు నందికొండవద్ద శంకుస్థాపన చేసిరి. రూపకల్పనకు రావుగారు నాయకులు. పునాది అడుగునుండి కొలిచిన 124 మీటర్ల ఎత్తు. అనగా నలువది అంతస్తుల మేడయంత. పొడవు, నదిగర్భములోని రాతిభాగమే 1450 మీటర్లు. నూఱు మీటర్ల లోతున నీరు ఒక్కొక్క చదరపు మీటరుపైన నూఱు టన్నుల బలముతో నెట్టును. ఆ నెట్టుడును ఆనకట్ట తన సొంత బరువుచేతనే ఆపవలెను. నీరు ప్రక్కనుండి నెట్టుటయేగాక పునాదిక్రిందికి చొచ్చి పైకి ఎత్తజూచును. అందులకై లోపల సొరంగపుదారులు విడిచి, ఊటనీటిని బయటికి తీయుదురు. బరువును నెట్టుడును కలిసిన ఫలబలము అడుగువెడల్పులో నడిమి మూడవవంతునందే పడవలెను. అది తప్పినయెడల నీటివైపు మడమ పైకి లేవజూచి పగులును. కావున ఆనకట్ట అడ్డుకోత దాదాపు త్రిభుజము. అడుగున మిక్కిలి వెడల్పు, పైన సన్నము.

ఇక పదార్థ మేది, దానిని ఎత్తునదేది? ఆ కాలముననే హిమాచలప్రదేశమున భాక్రా ఆనకట్ట లేచుచుండెను. 226 మీటర్ల ఎత్తు, సంపూర్ణముగా కాంక్రీటు. స్లోకమను అమెరికా ఇంజనీరు పర్యవేక్షణమున, రాతిని నుగ్గుచేయు యంత్రములు, కలుపు యంత్రములు, ఉక్కువంతెనలపై తిరుగు క్రేనులు అచట పనిచేసినవి. కాంక్రీటు కలిపిన పిదప గట్టిపడకముందే చోటు చేరవలెను. అందుచేత పెద్ద క్రేను లేనిది పెద్ద కాంక్రీటు ఆనకట్ట లేదు. అదిగాక సిమెంటు గట్టిపడునపుడు వేడి పుట్టును. అంతటి లావు ముద్దలో ఆ వేడి ఏండ్లతరబడి చిక్కుకొని, చల్లారునపుడు బీటలు తెచ్చును గనుక చల్లబఱచు యంత్రములు కూడ కావలెను. ఇవన్నియు పైదేశములనుండి తెప్పించుకొనవలసినవి. 1957 ప్రాంతమున మనదేశమునకు విదేశీద్రవ్యము మిక్కిలి కొఱతపడినది. క్రేనులో ఒక్క పన్ను విఱిగినను ఓడ వచ్చువఱకు పని నిలుచును.

నాగార్జునసాగరము రాతికట్టడమయ్యెను. కాంక్రీటు గ్రంథకర్త రాతిని ఎన్నుకొనుట ఛాందసము కాదు. రాయి చుట్టుప్రక్కల కొండలలో నుండెను. కట్టడములో ఎక్కువపాలు రాయియే కనుక సిమెంటు తక్కువ పట్టును. రాయి వేడిని పుట్టింపదు గనుక ఆ బీటల భయమును తగ్గును. అన్నిటికంటె ముఖ్యమైనది, రాయిని తునకలుగా చేయవచ్చును. ఒక్కడు మోయగల రాయి, ఇద్దఱు కావడిని మోయగల రాయి, నలుగురు మోకులు కట్టి మోయగల రాయి అని విభజించుకొన్నచో, క్రేను చేయు పనిని వేలాది భుజములు పంచుకొనగలవు.

ఇచట త్రిభుజపు రూపము చేసిన మేలును విద్యార్థులు కాగితముపై గీసికొని చూడవచ్చును. త్రిభుజమును సగము ఎత్తువద్ద అడ్డముగా కోసినచో క్రిందిభాగమున నాలుగింట మూడుపాళ్ళు ఉండును. పైసగములో మిగులునది ఒక్క పాలే. అనగా మోయవలసిన రాతిలో అధికభాగమునకు ఎక్కువ ఎత్తు ఎక్కనక్కఱలేదు. ఎత్తు పెరిగినకొలది పని సన్నగిల్లును. మేడ అట్టిది కాదు. నలువదవ అంతస్తునకు మొదటి అంతస్తునకు పట్టినంత సామానే పట్టును. కనుకనే మేడకు తనతోగూడ పైకి ఎగబ్రాకు క్రేను తప్పనిసరి, ఆనకట్టకు తప్పనిసరి కాలేదు. జనులు యంత్రములు లేక మనుష్యులతో కట్టిరని అబ్బురపడుదురు గాని, ఆ రూపము మనుష్యులతో కట్టుటకు అనువైనదన్న సంగతి గమనింపరు.

ఆనకట్ట ముఖమున కొయ్యలతో పరంజాలు, ఏటవాలు దారులు లేచినవి. వానిపై తట్టలు తలనెత్తుకొని స్త్రీపురుషులు బారులుతీరి ఎక్కిరి, దిగిరి. ఇరువది కిలోల తట్టలతో ఒక టన్ను రాయి చేరుటకు ఏబదిమాఱులు ఎక్కవలెను. సమ్మెట, ఉలి, గడ్డపార పట్టిన వడ్డెరల నేర్పు లేనిది ఆ రాయి కొండనుండి కదలెడిదికాదు. పాలమూరునుండి వచ్చిన కూలివారి పేరు ఆనకట్టల పనులకు మాఱుపేరైనది. పరంజాలపైనుండి పడియు, రాళ్ళు దొరలియు ప్రాణములు కోల్పోయినవారును కలరు. యంత్రమును వలదనుకొన్నందున ఖజానాకు డబ్బు మిగిలినది, వేలమందికి కూలి దొరకినది; కాని యంత్రము మోయవలసిన అపాయమును మనుష్యులు మోసిరి. ఈ రెండవది మొదటిదానితో సమానముగా పుస్తకములకెక్కలేదు. ఆనాటి స్థితిలో ఆ నిర్ణయము సరియైనదేయని మా అభిప్రాయము. అయినను దానికైన వెలను రూపాయలలో మాత్రమే లెక్కించుట న్యాయము కాదు.

రాతిపని ముగిసి, 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. రాతితో కట్టిన ఆనకట్టలలో ప్రపంచమున అతిపెద్దదిగా దీనిని చెప్పుదురు. పైన 26 ఉక్కు తలుపులు తరువాత అమర్పబడెను. ఒక్కొక్కటి దాదాపు పదునాలుగు మీటర్ల వెడల్పు. వానిని తట్టలకెక్కించుట ఎవరి తరము? ఉక్కు వచ్చినచోట యంత్రము కూడ రాకతప్పలేదు.

అప్పటికి రావుగారు ఉద్యోగమును విడిచియుండిరి. విజయవాడనుండి మూడుమాఱులు లోక్‌సభకు ఎన్నికైరి. 1963లో పద్మభూషణ బిరుదమందిరి. అదే సంవత్సరము జూలైలో కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖలకు మంత్రియై, నెహ్రూ, లాల్‌బహదూరుశాస్త్రి, ఇందిరాగాంధీగార్ల ప్రభుత్వములలో 1973వఱకు పనిచేసిరి. ఆయన మంత్రియైన కొలదిదినములకే, జూలై 24వ తేదీన, మన శ్రీశైలమున ఆనకట్టకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి.

శ్రీశైలపు కట్టడము ఇఱుకైన లోయలో నిలిచినది. ఎత్తు 145 మీటర్లు, పొడవు 512 మీటర్లు మాత్రమే. మొదట దానిని విద్యుచ్ఛక్తి కొఱకే తలపెట్టిరి. జలాశయమున కర్నూలు, పాలమూరు మండలముల గ్రామములు సుమారు నూఱు మునిగెను. 1981లో ఆ ప్రజలు ఇండ్లువాకిండ్లు విడిచి కట్టుబట్టలతో లేచిపోయిరి. ఊరు పోయినది కర్నూలువారికి, వెలుగు వచ్చినది అందఱికి. నీటిపాలు మాత్రము ఆలస్యముగా దక్కినది. పోతిరెడ్డిపాడు తూములద్వారా శ్రీశైలము కుడికాలువకును, 1983లో ఆరంభమైన తెలుగుగంగకును నీరు మళ్ళి, వెలుగోడు మీదుగా కడప మండలములోని బ్రహ్మంగారిమఠము జలాశయమువఱకు చేరినది.

2009వ సంవత్సరము అక్టోబరు మొదటివారమున కృష్ణా తుంగభద్రలు ఒక్కసారిగా పొంగి కర్నూలు పట్టణమును ముంచిన దినములను పెద్దలు మఱచియుండరు. శ్రీశైలమునకు 19 లక్షల క్యూసెక్కుల వఱదను దాటింపగలుగునట్లు లెక్కగట్టి కట్టియుండగా, ఆనాడు 25 లక్షలకు పైగా వచ్చినది. కట్టడము నిలిచినది. అది నిలువకున్నచో దిగువనున్న సాగరమునకును, దాని దిగువనున్న బెజవాడకును ఏమి గతి పట్టెడిదో తలంచుటకే భయము.

రావుగారు మంత్రిగానుండగా 1972లో గంగాకావేరుల సంధానమును ప్రతిపాదించిరి. పాట్నావద్ద గంగనుండి 60,000 క్యూసెక్కులు తీసి, 2640 కిలోమీటర్లు నడపి దక్షిణమునకు తేవలెనని యోచన. నడుమనున్న మిట్టలకై నీటిని సుమారు 550 మీటర్లు పైకి తోడవలెను. రాతిని ఎత్తుటకు క్రేనును తగ్గించుకొన్న మనిషి నదినే ఎత్తుటకు సిద్ధపడుట వింతగా తోచవచ్చును. తోడుటకు కావలసిన విద్యుచ్ఛక్తియు, వ్యయమును మితిమీఱినవని ఇంజనీర్లు తేల్చుటచే అది కాగితముపైననే నిలిచినది. లెక్క తెలిసినవాడు ఇంత లెక్కకు మించిన పనిని ఎందులకు తలపెట్టెనని మాలో మేము వాదులాడుకొన్నాము. ఎండిన పెన్నను చూచినవాడెవ్వడును ఆయనను తప్పుపట్టడని ఒకరనిరి. మిగిలినవారికి మాఱుమాట తోచలేదు.

రావుగారు 1986వ సంవత్సరము మే 18వ తేదీన గతించిరి. కృష్ణానదిపై నాగార్జునసాగరమునకు దిగువను, ప్రకాశము ఆనకట్టకు ఎగువను పులిచింతలవద్ద లేచిన జలాశయమునకు ఆయన పేరు పెట్టియున్నారు.