లూయిస్ హైను: ఛాయాగ్రాహకుడైన బడిపంతులు

రాజుల ముఖములను, ధనికుల ముఖములను చిత్రించి కీర్తి గడించినవారు లోకమున పెక్కురు గలరు. కూలిబిడ్డల ముఖములను లోకమునకు జూపుటకై ఆయుస్సు వ్యయించినవారు మిక్కిలి యరుదు. అట్టివారిలో అమెరికా దేశీయుడగు లూయిస్ హైను అగ్రగణ్యుడు. ఆయనయు మొదట మావలె బడిపంతులే యగుటచే ఆయనయందు మాకు కొంత పక్షపాతము కలదని ముందుగనే విన్నవించుకొనుచున్నాము.

ఈయన 1874 వ సంవత్సరమున విస్కాన్సిన్ రాష్ట్రమందలి ఆష్‌కోష్ పట్టణమున జన్మించెను. 1892 లో తండ్రి గతింపగా కర్మాగారమున కూలిపనికి బోవలసివచ్చెను. 1901 లో న్యూయార్కు చేరి ఎథికల్ కల్చర్ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఆ పాఠశాలాధిపతియే ఆయన చేతికి కెమేరా నిచ్చెను. 1904 మొదలు ఎల్లిస్ ద్వీపమున నౌకలు దిగుచుండిన పరదేశీయులను, వారి మూటలతోడను బిడ్డలతోడను చిత్రములు దీసెను.

1908 లో జాతీయ బాలకార్మిక సంఘమువారు పిలువగా ఆయన బడిని విడిచెను. నూలుమిల్లులు, బొగ్గుగనులు, గాజు కార్ఖానాలు, చేపల డబ్బాల కర్మాగారములు ఎన్నో తిరిగెను. యజమానులు ద్వారములు మూయగా బైబిళ్లమ్మువాడనియు, అగ్నిప్రమాద పరీక్షకుడనియు వేషములు వేసి లోన బ్రవేశించెను. బిడ్డల పొడవును తన కోటు గుండీలతో సరిచూచుకొని, జేబులో చేయి యుంచియే కాగితముపై గురుతులు వ్రాసికొనెడివాడు. ఉత్తర కరొలినాలోని యొక మిల్లులో నూలు వడకుచుండిన బాలిక యెత్తు 51 అంగుళములు, దినకూలి 48 సెంట్లు అని ఆయన వ్రాసియుంచినాడు. ఆ పిల్లకు తన వయస్సే జ్ఞప్తికి రాలేదట! పంటకాలమున హాజరుపట్టీనుండి బిడ్డల పేర్లు కొట్టివేసి, వారెచ్చట నుండిరో విచారింపని మాబోటివారికి ఈ మాట చురుక్కున తగులకపోదు.

ఆ చిత్రములు ప్రజలను కదల్చెను. 1916 లో బాలకార్మిక నిషేధశాసనము వెలువడెను. కాని 1918 లో సర్వోన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. మరల 1938 వరకు నిలుకడగల శాసనము రాలేదు. నడుమ ఆయన యుద్ధకాలమున రెడ్‌క్రాసు పక్షమున ఐరోపాకుబోయి వచ్చెను. 1930–31 లో, ఏబదియైదేండ్లు దాటిన వయస్సున, ఎంపైర్ స్టేట్ సౌధమును కట్టుచుండిన శ్రామికులతో గూడ ఆకాశమునకెక్కి వారిని చిత్రించెను.

ఇంతచేసినవానికి తుదిదినములలో పని దొరకలేదు. ప్రభుత్వమువారి ఛాయాచిత్రశాఖలో చేర్చుకొనుడని వేడినను ఫలింపలేదు. ఇల్లు అప్పులపాలయ్యెను; 1939 లో భార్య గతించెను; 1940 నవంబరు 3 వ తేదీన ఆయనయు గతించెను. కుమారుడు చిత్రములను ఫొటో లీగునకు ఒసగెను. తరువాత వానిని న్యూయార్కునందలి ఆధునిక కళాప్రదర్శనశాలకు ఈయజూపగా వారు వలదనిరి. అవి రాచెస్టరు నగరమందలి ఈస్టుమన్ ప్రదర్శనశాలకు జేరినవి. బాలకార్మికుల చిత్రములు ఐదువేలకు బైగా వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమున, ఆయన వ్రాసిన వయస్సులు, ఎత్తులు, కూళ్లతోసహా భద్రముగ నున్నవి.