చూపు పోయాక చేత కత్తెర పట్టిన చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ

పండుగనాడు గుమ్మానికి కట్టే రంగు కాగితాల తోరణానికైనా, పిల్లలు ఇంట్లో తయారుచేసే శుభాకాంక్షల కార్డుకైనా కావలసిన సరంజామా చాలా తక్కువ. నాలుగు రంగు కాగితాలు, ఒక కత్తెర, కాస్త జిగురు ఉంటే చాలు. కాగితాన్ని మడిచి, అంచున నాలుగు కోతలు కోసి విప్పితే పువ్వో, పక్షుల బారో బయటపడుతుంది. బాల్యంలో అందరూ చేసి, పెద్దయ్యాక మరచిపోయే ఈ పనిని భారతదేశపు ఆధునిక చిత్రకారుల్లో అగ్రగణ్యుడైన ఒకరు యాభయ్యేళ్లు దాటాక చేపట్టారు. అప్పటికి ఆయన రెండు కళ్లకూ వెలుగు లేదు. ఆయనే బినోద్ బిహారీ ముఖర్జీ.

1904 ఫిబ్రవరి 7న కలకత్తా శివార్లలోని బెహాలాలో ఆయన జన్మించారు. పుట్టుకతోనే చూపు లోపం వెంట వచ్చింది. ఒక కన్ను పనిచేయదు. రెండో కంటికి తీవ్రమైన హ్రస్వదృష్టి. ముఖానికి దగ్గరగా తెచ్చుకుంటే తప్ప ఏదీ స్పష్టంగా కనిపించదు. అందువల్ల బడి చదువు సవ్యంగా సాగలేదు. అయితే ఇంట్లో చదువుకూ కళాభిరుచికీ కొదవ లేదు. అన్నల్లో ఒకరైన వనబిహారీ వైద్యవృత్తిలో ఉంటూనే రచయితగా, వ్యంగ్య చిత్రకారుడిగా పేరు పొందారు. బడి దూరమైన బాలుడికి గీతలు దగ్గరయ్యాయి.

1917లో ఆయన శాంతినికేతన్ చేరారు. రెండేళ్ల తరువాత, 1919లో, రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ కళాభవన్‌ను నెలకొల్పినప్పుడు తొలి విద్యార్థుల్లో ఒకరయ్యారు. ఇంత తక్కువ చూపుతో చిత్రకళ నేర్చుకోవడం సాధ్యమా అన్న సందేహం గురువు నందలాల్ బోస్‌కు కలిగింది. నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవాడిని ఆపవద్దన్నది రవీంద్రుని అభిప్రాయం. ఆ ఒక్క నిర్ణయం బినోద్ బిహారీ జీవితానికి దారి చూపింది. 1925 నాటికి ఆయనే కళాభవన్‌లో అధ్యాపకుడయ్యారు.

ఆనాటి బెంగాల్ చిత్రకారులలో పలువురు పురాణగాథలను, చరిత్ర ఘట్టాలను ఇతివృత్తాలుగా ఎంచుకునేవారు. బినోద్ బిహారీ దృష్టి మాత్రం తన చుట్టూ ఉన్న నేల మీద నిలిచింది. బీర్‌భూమ్ జిల్లాలోని ఎర్రమట్టి, వానకు కోసుకుపోయిన గట్లు, ఒంటరి తాటిచెట్లు, చెరువు గట్టున సంతాల్ పల్లెలు ఆయన బొమ్మల్లోకి వచ్చాయి. 1930లలో జపాన్ వెళ్లి అక్కడి ప్రాచీన చిత్రకారుల పనితనాన్ని శ్రద్ధగా పరిశీలించారు. చుట్టగా చుట్టి, కొద్దికొద్దిగా విప్పుతూ చూసే పొడవాటి చిత్రపటాలు ఆయనకు ప్రీతిపాత్రమయ్యాయి. ఒక్క చూపులో అంతా అందని మనిషికి, దృశ్యం భాగాలుగా విచ్చుకునే ఆ పద్ధతి సహజంగానే అనువైనది.

ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చినవి కుడ్యచిత్రాలు. 1940లో కళాభవన్ విద్యార్థుల వసతిగృహం పైకప్పు మీద బీర్‌భూమ్ పల్లె జీవితాన్ని చిత్రించారు. నడుమ ఒక చెరువు, దాని చుట్టూ చెట్లు, పశువులు, మనుషులు. 1942లో చీనాభవన్ గోడ మీద ఆశ్రమ జీవితానికి రూపమిచ్చారు. 1946-47లో హిందీభవన్‌లో చేపట్టిన పని వీటన్నింటికంటే పెద్దది. మూడు గోడల పై భాగాన దాదాపు 80 అడుగుల పొడవునా మధ్యయుగపు భక్తకవుల, సంతుల లోకం పరచుకుంది. రామానుజుడు, కబీరు, తులసీదాసు, సూరదాసు, గురు గోవింద్ సింగ్ అందులో ఉన్నారు. వారి మధ్య పేరులేని శ్రమజీవులు, యాత్రికులు, తల్లులు, పిల్లలు ఒక నదిలా సాగిపోతుంటారు.

ఆ చిత్రానికి ఆయన ఎంచుకున్న ఫ్రెస్కో పద్ధతి కఠినమైనది. సున్నపు పూత తడిగా ఉన్నప్పుడే రంగు వేయాలి. ఆరేకొద్దీ రంగు గోడలో కలిసిపోతుంది. తప్పు జరిగితే పూత చెక్కి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అంత పెద్ద గోడను దూరంగా నిలబడి ఒకేసారి చూసి సరిచూసుకునే అవకాశం ఆయన కంటికి లేదు. కె.జి. సుబ్రమణ్యన్ వంటి విద్యార్థులు సహాయపడ్డారు కానీ, మొత్తం కూర్పు ఆయన మనసులోనే నిలిచి ఉండాలి. జన్మాంధుడని లోకం చెప్పుకునే సూరదాసును ఆ గోడ మీద చిత్రించిన నాటికి తనకు రాబోయే రోజులు ఆయనకు తెలియవు.

1948లో ఆయన శాంతినికేతన్ విడిచి నేపాల్ వెళ్లి, కఠ్మాండూలోని ప్రభుత్వ మ్యూజియం బాధ్యతలు స్వీకరించారు. అక్కడి ఆలయాలూ, చేతిపనివారి నైపుణ్యమూ ఆయనను ఆకట్టుకున్నాయి. తరువాత రాజస్థాన్‌లోని బనస్థలి విద్యాపీఠ్‌లో బోధించారు. 1952లో శిల్పి అయిన భార్య లీలతో కలిసి ముస్సోరీలో కళా శిక్షణ కేంద్రాన్ని ప్రారంభించారు. ఇంతలో ఉన్న ఒక్క కంటి చూపూ మసకబారసాగింది. యాభయ్యేళ్లు దాటిన కొద్దికాలానికి జరిగిన శుక్లాల శస్త్రచికిత్స విఫలమైంది. ఆ తరువాత వెలుగు తిరిగి రాలేదు.

చిత్రకారుడికి చూపు పోవడమంటే జీవనాధారమూ జీవితార్థమూ ఒక్కసారిగా చేజారడమే. ఆ స్థితిలో ఆయన చేతులకు పని వెతుక్కున్నాయి. మైనంతో చిన్న బొమ్మలు చేశారు. కలంతో గీతలు గీశారు. రంగు కాగితాలను కత్తెరతో కత్తిరించి అతికించడం మొదలుపెట్టారు. ఒరిగి పడుకున్న మనిషి, పండు పట్టుకున్న స్త్రీ, ఇలా నిత్యజీవితంలోని ఆకృతులు కొద్దిపాటి ముక్కలతో రూపుదిద్దుకున్నాయి. కన్నూ ముక్కూ వంటి వివరాలు వాటిలో అంతగా కనిపించవు. వంగిన నడుము, చాచిన చేయి, ఒక పక్కకు వాలిన తల చాలు, మనిషి పోల్చదగినట్టు ఉంటాడు.

అంధుడైన కళాకారుడికి కాగితం ఎందుకు ఉపకరించిందో ఆలోచిస్తే ఆ మార్గంలోని వివేకం తెలుస్తుంది. కుంచెతో గీసిన గీత వేలికి అందదు. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చూడలేనివారు తిరిగి పోల్చుకోవడం కష్టం. కత్తిరించిన కాగితపు అంచు మాత్రం వేలి కింద స్పష్టంగా తగులుతుంది. అక్కడ గీతా అంచూ ఒకటే. ముక్కను పట్టుకుని తిప్పవచ్చు, మరొక ముక్క పక్కన పెట్టి ఎడం కొలవవచ్చు, నచ్చకపోతే జరపవచ్చు. జిగురు పెట్టే దాకా ఏ నిర్ణయమూ చివరిది కాదు. రంగు ఒక్కటే వేలికి తెలియదు. ఎరుపు పక్కన పసుపు ఎలా వెలుగుతుందో, నలుపు మీద నీలం ఎంత లోతుగా కనిపిస్తుందో జ్ఞాపకమే చెప్పాలి. మూడు దశాబ్దాలకు పైగా రంగులతో గడిపిన మనిషికి ఆ జ్ఞాపకం తరగని నిధి.

ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మతీస్ కూడా చివరి దశలో అనారోగ్యం వల్ల కత్తెరను ఆశ్రయించారు. ఈ ఇద్దరినీ పోల్చి చూడటం కళావిమర్శలో పరిపాటి. అయితే మతీస్ తన ముందున్న రంగులను కళ్లారా చూస్తూ కత్తిరించారు. బినోద్ బిహారీ పూర్తయిన తన చిత్రాన్ని ఒక్కసారైనా చూడలేదు. ఇతరులకు కనిపించే బొమ్మ, ఆయనకు వేలికొసల మీద తెలిసే ఆకృతి మాత్రమే.

1958లో ఆయన శాంతినికేతన్‌కు తిరిగివచ్చి కళాసిద్ధాంతం, కళాచరిత్ర బోధించారు. 1972లో కళాభవన్ గోడ మీద పింగాణీ పలకలతో కుడ్యచిత్రం రూపొందించారు. కాగితం ముక్కలతో అలవడిన సరళమైన ఆకృతులే ఈసారి మట్టిలోకి, నిప్పులోకి వెళ్లి గట్టిపడ్డాయి. విద్యార్థులు సహాయపడుతుండగా, పలకలను తడుముతూ ఆయన ఆ కూర్పును నడిపించారు.

ఆ సంవత్సరమే ఆయన పూర్వవిద్యార్థి ఒకరు కెమెరాతో గురువు వద్దకు వచ్చారు. కళాభవన్‌లో ఆయన దగ్గర చదివి, తరువాత సినీ దర్శకుడిగా ప్రపంచ ఖ్యాతి గడించిన సత్యజిత్ రే ఆ విద్యార్థి. ఆయన తీసిన ‘ది ఇన్నర్ ఐ’ అనే లఘుచిత్రం జాలిని ఆశించకుండా, పనిలో మునిగిన ఒక కళాకారుణ్ణి చూపుతుంది. శాంతినికేతన్ ఎల్లలు దాటి బినోద్ బిహారీ పేరు దేశానికి చేరడానికి అది ఎంతగానో దోహదపడింది.

1974లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రదానం చేసింది. 1977లో విశ్వభారతి దేశికోత్తమ పురస్కారంతో సత్కరించింది. చూపు లేని రోజుల్లో వెలువరించిన బెంగాలీ ఆత్మకథాత్మక రచన ‘చిత్రకర్’కు 1980లో రవీంద్ర పురస్కారం లభించింది. అదే ఏడాది నవంబరులో ఆయన కన్నుమూశారు. కుమార్తె మృణాళిని ముఖర్జీ జనపనార తాళ్లను ముడులు వేస్తూ నిలువెత్తు శిల్పాలు సృష్టించి, భారతీయ శిల్పకళలో తనదైన స్థానం సంపాదించుకున్నారు.

2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన శాంతినికేతన్‌లో ఆయన గీసిన గోడలు ఇంకా సందర్శకులను ఆపి నిలబెడుతున్నాయి. హిందీభవన్ కుడ్యచిత్రాన్ని తలెత్తి చూడాలి. కళాభవన్ పింగాణీ పలకలను మాత్రం చేత్తో తడిమి కూడా తెలుసుకోవచ్చు. దాన్ని తయారుచేసిన మనిషి తెలుసుకున్నదీ అలాగే.